మళ్లీ డిగ్రీ మొదలుపెట్టాలనుకుంటున్న నార్నూర్ చెల్లెలికి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మేము గోండులం, మాది నార్నూర్ మండలం. బి.ఏ. రెండో ఏడాదిలో ఉండగా పెళ్లయింది, చదువు అక్కడితో ఆగింది. ఏడేళ్లు గడిచాయి. బాబుకు అయిదేళ్లు, పాపకు పద్నాలుగు నెలలు. మా ఆయన పత్తి వేస్తారు. మళ్లీ చదవాలని ఉంది. అత్తమ్మ మాత్రం ‘ఇప్పుడు చదివి ఏం చేస్తావు’ అంటున్నారు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లాలా, ఓపెన్ యూనివర్సిటీలో చేరాలా? పిల్లలతో అవుతుందా? చదివితే ఉద్యోగం వస్తుందా?

జవాబు:

చెల్లీ, రాం రాం. నేను జైనూరు వైపు నుంచి. ఇంటర్ కాగానే నాకు పెళ్లి చేశారు. 26వ ఏట ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ.లో చేరాను. చేరేటప్పుడు ఒక బిడ్డ, పూర్తయ్యేసరికి ఇద్దరు. ఆ తరువాత ఎం.ఏ., బి.ఎడ్. చేసి ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మా వైపు నుంచి డిగ్రీ కట్టే ఆడవాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టడం, పరీక్షలకు వెంట వెళ్లడం చాలా ఏళ్లుగా నాకు ఆదివారం పని అయిపోయింది. కాబట్టి కింద రాసేదంతా నేను పడినదీ, కళ్లతో చూసినదీ.

మీరు ఆఖరున రాసిన ప్రశ్నల కంటే, మధ్యలో అత్తమ్మ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం ముఖ్యం. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన ఇళ్లలో తేదీ ఉన్న పనిని ఎవరూ కాదనరు. పత్తి పగిలిందంటే ఏరాలి, దండారి నృత్యాల పండుగ వచ్చిందంటే ఊళ్లు తిరగాలి, పుష్య అమావాస్యకు నాగోబా జాతరకు కేస్లాపూర్ చేరాలి. వీటికి అనుమతులు ఎవరూ అడగరు. చదువుకు తేదీ ఉండదు గనుక అది ఎప్పుడూ వరుసలో ఆఖరిదవుతుంది. అంట్లు అయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఓపిక మిగిలితే. ఓపిక మిగలదు. నేను మొదటి ఏడాది అలాగే చదివి రెండు పేపర్లు పోగొట్టుకున్నాను. ‘చెప్పాను కదా’ అని మా అత్తమ్మ నోరు తెరిచి అనలేదు గానీ, పొయ్యిలో కట్టె తోసిన తీరులో అది వినిపించింది.

రెండో ఏడాది పద్ధతి మార్చాను. విత్తనాల దుకాణం వాళ్లు ఇచ్చిన క్యాలెండర్ మా గోడకు ఉండేది. అధ్యయన కేంద్రంలో తరగతుల తేదీల పట్టిక తీసుకుని, నేను వెళ్లాల్సిన ఆదివారాలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. పరీక్షల రోజులకు రెండేసి సున్నాలు. మా అత్తమ్మకు చదువు రాదు, కానీ సున్నాలు లెక్కపెట్టడానికి చదువెందుకు? ‘చదువుకోనా అత్తమ్మా’ అని అడగడం మానేసి ‘ఈ సున్నా రోజున పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా బిడ్డ మీ దగ్గరుంటుంది, మిగతా రోజుల్లో నా పని నాదే’ అన్నాను. నెల తిరిగేసరికి పక్కింటావిడతో ఆవిడే చెబుతోంది, ఇంకా ఆరు సున్నాలున్నాయట మా కోడలికి అని. అంటే నా చదువు ఆవిడ లెక్కలోకి వచ్చిందన్నమాట.

మీరూ అత్తమ్మతో వాదించకండి. ‘చదివి ఏం చేస్తావు’ అన్న మాటకు సరైన జవాబు మీ దగ్గర ఇప్పుడు లేదు, నా దగ్గరా అప్పుడు లేదు. రోజులు ఎన్నో చెప్పి, ఆ రోజులు అడగండి. మీ ఆయనతో కూడా ఇంతే. ‘నాకు తోడుగా ఉండు’ అంటే ఏ మగవాడైనా ఉంటానంటాడు. ‘మార్చిలో ఈ అయిదు రోజులు పిల్లలకు అన్నం నువ్వు తినిపించాలి’ అన్నప్పుడు తేలుతుంది.

ఇక రెగ్యులరా, ఓపెనా అన్నది.

ముందు మీ పాత డిగ్రీ సంగతి తేల్చుకోండి. మన ఉమ్మడి ఆదిలాబాద్ వైపు డిగ్రీ కాలేజీలు కాకతీయ విశ్వవిద్యాలయం కిందివి. మీ పాత హాల్ టికెట్ నంబరుతో ఎన్ని పేపర్లు పాసయ్యారో, ఎన్ని మిగిలాయో, ఆ సిలబస్‌తో ఇంకా రాయనిస్తారో లేదో పరీక్షల విభాగంలో కనుక్కోవాలి. ముందు మీ కాలేజీ ఆఫీసులో అడిగించండి, ఫోను చేయించండి. నేరుగా వరంగల్ బయలుదేరకండి, మన దగ్గర నుంచి పోయి రావడం ఒక్క పూటలో తేలే పని కాదు. పాత విద్యార్థులకు అప్పుడప్పుడు ‘వన్ టైమ్ ఛాన్స్’ అని ప్రకటనలు ఇస్తుంటారు, అలాంటిది ఉందేమో అడగండి. మిగిలినవి మూడు నాలుగు పేపర్లయితే అక్కడే ముగించడం మేలు. పది, పన్నెండు ఉన్నాయంటే మాత్రం వాటి వెంట పడవద్దు. సిలబస్ మారి ఉంటుంది, మీకు పాఠం చెప్పేవారు ఉండరు. మొదటి ఏడాది నుంచి కొత్తగా మొదలుపెట్టండి. రెండేళ్లు వృథా అయ్యాయని బాధపడతారు, తెలుసు. ఆ రెండేళ్లు పోయింది ఇప్పుడు కాదు, ఏడేళ్ల కిందటే.

కొత్తగా అయితే, పాప ఇంత చిన్నది గనుక, నా ఓటు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికే. 1982లో మొదలైంది, దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. తెలుగు మాధ్యమంలో పాఠ్యపుస్తకాలు వాళ్లే ఇస్తారు. ఆ పుస్తకాలు నిజంగా బాగుంటాయి. పోటీ పరీక్షలకు చదివే పట్నం పిల్లలు కూడా వాటి కోసం వెతుక్కుంటారు. తరగతులు ఆదివారాలు. ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు వస్తాయి. ఊళ్లో సిగ్నల్ లేకపోతే, మండల కేంద్రానికి సంతకు వెళ్లినప్పుడు ఫోనులోకి దించుకోండి. సైన్సు గ్రూపు మాత్రం వద్దు. ప్రయోగశాల తరగతులకు వరసగా రోజుల తరబడి వెళ్లాలి, పద్నాలుగు నెలల బిడ్డతో నలిగిపోతారు.

ఫీజు సంగతి: గోండు, కోయ, చెంచు విద్యార్థులకు ఉచితంగా చదువు చెబుతామని ఈ విశ్వవిద్యాలయం 2025లో ప్రకటించింది. దరఖాస్తు చేసేటప్పుడు ఇప్పుడు ఎలా అమలవుతోందో, ఏ కాగితాలు జతచేయాలో అధ్యయన కేంద్రంలో అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకోండి. బయట ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్న అబ్బాయి ‘మొత్తం ఇంత కట్టాలి అక్కా’ అంటే జేబులో చెయ్యి పెట్టేయకండి.

ప్రయాణం ఖర్చు ఒకప్పుడు మా అందరికీ గండం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. నా రోజుల్లో ఆదివారం ఆదివారం బస్సు చార్జీ కోసం కోడిగుడ్లు అమ్మేదాన్ని. నార్నూర్ నుంచి ఉట్నూరు దాకా ఇప్పుడు మీకు ఆ బాధ లేదు. ఆదివారం సాయంత్రం బస్సు ఎన్ని గంటలకో మాత్రం ముందే తెలుసుకోండి. అది తప్పిపోతే ఆటోవాడు ఎంతంటే అంత.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది కదా, అక్కడికి వెళ్లకూడదా అని చాలామంది అడుగుతున్నారు. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, ఆ మరుసటి ఏడాది ఇంగ్లిష్, ఎకనామిక్స్ బి.ఏ. ఆనర్స్‌తో తరగతులు మొదలయ్యాయి. మంచిదే. కానీ అది రోజూ హాజరు కావాల్సిన చదువు, ప్రవేశం జాతీయ స్థాయి పరీక్షతో. మీ పరిస్థితికి ఇప్పుడు కాదు. మీ బాబుకు చెప్పండి.

కాగితాల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసినంతవరకు తెలివి చాలక ఆగిపోయిన తల్లులు ఒకరో ఇద్దరో. పేరు కలవక ఆగిపోయినవారే ఎక్కువ.

పదో తరగతి మెమో మీద మీ పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో అత్తింటి పేరు ఎక్కించి ఉంటారు. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట జనవరి 1. మన వైపు సగం ఊరు జనవరి 1నే పుట్టింది, అది వేరే కథ. ఈ తేడాలతో దరఖాస్తు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. సరిచేసేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోండి: మెమోను కదపకండి, ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చండి. మెమోలో అక్షరం మారాలంటే ఏళ్లు పడుతుంది. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీకి ఒక్కసారి అవకాశం ఇస్తారు. కాబట్టి మెమో చేతిలో పట్టుకుని, అక్షరం అక్షరం చూసుకుని మార్పించండి. నేను తొందరపడి ఒక అవకాశాన్ని స్పెల్లింగ్ తప్పుతో పోగొట్టుకున్నాను.

కుల ధ్రువీకరణ పత్రం తండ్రి పేరుతోనే తీసుకోవాలి, భర్త పేరుతో కాదు. ఎస్టీ హోదా పుట్టుకతో వచ్చేది. ఒక కార్యాలయంలో నా దరఖాస్తు మీద భర్త పేరు రాసి తిప్పి పంపారు, మళ్లీ పుట్టింటి ఊరికి వెళ్లి నాన్న పత్రం తెచ్చి చేయించుకునేసరికి ఆ ఏడాది ప్రవేశాల గడువు దాటిపోయింది. ఆదాయ పత్రం మాత్రం ఇప్పుడున్న ఇంటిది. పాత కాలేజీలో ఒరిజినల్స్ ఉండిపోయి, బాకీ కడితేగానీ ఇవ్వమంటే భయపడకండి. విద్యార్థుల అసలు పత్రాలు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఆ మాట మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. రాసి ఇచ్చిన కాగితానికి ఉండే బరువు నోటిమాటకు ఉండదు.

పిల్లలతో అవుతుందా అన్నారు. బాబు సంగతి సులువే, ఈ ఏడాదో వచ్చే ఏడాదో బడికి వెళ్తాడు. పాపకు మూడేళ్లు నిండేదాకా అంగన్‌వాడీలో కూర్చోబెట్టలేరు, పైగా ఆదివారం అంగన్‌వాడీ ఉండదు. మొదటి రెండేళ్లూ మనుషుల మీదే ఆధారపడాలి. ఒక్కరి మీద కాదు, ఇద్దరి మీద. అత్తమ్మకు జ్వరం వచ్చిన ఆదివారం ఎవరు? ఆ పేరు ముందే ఉండాలి. నాకు మా ఆడబిడ్డ ఉండేది. ఆమె పొలంలో రెండు సాళ్లు నేను ఏరితే, నా బిడ్డను ఒక పూట ఆమె చూసేది. మొహమాటం లేకుండా ఇలా పని మార్చుకోండి, సాయం అడిగినట్టు ఉండదు.

పాప పాలు తాగుతోందా? తాగుతుంటే ఇది చదవండి. రెండో బిడ్డ అయిదు నెలలదిగా ఉన్నప్పుడు నాకు రాజనీతి శాస్త్రం పరీక్ష పడింది. ఆడబిడ్డ బిడ్డనెత్తుకుని బయట వేపచెట్టు కింద కూర్చుంది. మూడు గంటల పరీక్ష. రెండో గంట సగంలో బయట నుంచి ఏడుపు వినిపించింది. నా బిడ్డదో కాదో తెలియదు, కానీ రవిక తడిసిపోయింది. కొంగు కప్పుకుని రాస్తున్నాను, ప్రాథమిక హక్కుల మీద ప్రశ్న, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. పర్యవేక్షకుడిని అడగడానికి సిగ్గు. చివరికి ఒక ప్రశ్న వదిలేసి బయటికి వచ్చేశాను. పాసయ్యాను, అది వేరే సంగతి. ఆ తరువాతి పరీక్ష నుంచి మూడు పనులు చేశాను: గంట మోగడానికి పది నిమిషాల ముందు ఆవరణలోనే పాలు పట్టడం, లోపల పాత నూలు చీర ముక్క మడిచి పెట్టుకోవడం, చీఫ్ సూపరింటెండెంట్‌కు పరీక్ష మొదలుకాకముందే విషయం చెప్పడం. మూడో పని అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే పనికొచ్చింది. ఆయన నాకు తలుపు పక్కన బెంచీ ఇప్పించారు. డిగ్రీ, పీజీ చదివే తల్లులకు ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు వంటివాటికి నియమాలు పెట్టుకోమని 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలకు రాసింది. రెగ్యులర్ కాలేజీలో చేరే తల్లులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

పత్తి ఏరే కాలం మీకు నేను చెప్పేదేముంది. దీపావళి ముందు దండారి, ఆ వెంటే ఏరుడు, సంక్రాంతి దాటాక నాగోబా జాతర. నేను ఆ జాతర జరిపే మెస్రం వంశం వారి కోడలిని, మా ఇంట్లో గోదావరి నీళ్లకు హస్తినమడుగు నడిచి వెళ్లి వచ్చేవాళ్లున్నారు. ఆ రోజుల్లో పుస్తకం పట్టుకోవడం అసాధ్యం, పట్టుకోవాలని నేను అనుకోను కూడా. ఒక ఏడాది జాతరలో జరిగే దర్బారు మరునాడే నాకు పరీక్ష వచ్చింది. కేస్లాపూర్‌లో అందరితో ఉండి, తెల్లవారి మొదటి బస్సుకు పరీక్షకు వెళ్లాను. అంతకు నెల ముందే చదువు ముగించాను కాబట్టి సాగింది. మీరు కూడా సంవత్సరాన్ని రెండుగా చూడండి: వానలు మొదలైన దగ్గర నుంచి దసరా దాకా ఎక్కువ చదువు, ఏరుడు కాలంలో తిరగేయడం మాత్రమే.

చదవడం ఎలా అన్నదానికి రెండే మాటలు. ఒకటి, ఏడేళ్లు పెన్ను పట్టని చెయ్యి రెండు పేజీలకే నొప్పి పెడుతుంది. నా మొదటి ఏడాది రెండు పేపర్లు పోవడానికి సగం కారణం అదే, జవాబులు తెలుసు, రాయడానికి సమయం చాలలేదు. రోజూ పావుగంట చాలు, ఏదో ఒకటి రాయండి, సరుకుల చిట్టా అయినా సరే. పరీక్షకు నెల ముందు గడియారం పెట్టుకుని మూడు గంటలు రాసి చూడండి. రెండోది, చదివింది గోండిలో ఎవరికైనా చెప్పండి. నేను ద్రవ్యోల్బణం పాఠం పత్తి చేలో అత్తమ్మకు చెప్పాను. జొన్నల ధర, జాకెట్టు గుడ్డ ధర, ఏరుడు కూలీ, ఇవి ఏ ఏడాది ఎంతో ఆవిడకు నోటికొచ్చు. ‘అయితే మీ పుస్తకంలో రాసింది మాకు ముందే తెలుసు’ అన్నది. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది, నా జీవితంలో అంత బాగా ఏ జవాబూ రాయలేదు. తెలుగు మాధ్యమంలో చదవడం మనకు రెండో భాషలో చదవడమేనని మాష్టార్లు మరచిపోతారు, మనం మరచిపోకూడదు. మీ మండలంలోని గుంజాలలోనే కదా గోండి లిపి రాతప్రతులు దొరికాయి. మా తాత మార్లవాయిలో 1940లలో గోండుల మీద పరిశోధన చేసిన హైమెండార్ఫ్ దొర పెట్టించిన బడిలో గోండి వాచకంతోనే అక్షరాలు దిద్దారు. మా నానమ్మ అదే ఊళ్లో ఉండి ఆ బడి గడప తొక్కలేదు.

ఉద్యోగం విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ మనవే అనే రోజులు పోయాయి. 2000లో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఉండేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ‘డిగ్రీ, బి.ఎడ్. చేస్తే ఊళ్లోనే బడి’ అని ఇప్పటికీ కొందరు పెద్దలు చెబుతుంటారు, ఆ మాట నమ్మి అప్పు చేయకండి. ముఖ్యంగా ప్రైవేటు బి.ఎడ్. కాలేజీకి సంఘం అప్పు అసలే తీయకండి. దూరవిద్యలో బి.ఎడ్. అందరికీ దొరకదన్నది కూడా తెలుసుకోండి. అప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి, బడుల్లో పనిచేస్తున్న శిక్షితులకు మాత్రమే అది. మిగతావారు రెండేళ్లు కాలేజీకి వెళ్లాల్సిందే. మీ పాప బడికి వెళ్లే వేళకు ఆ సంగతి ఆలోచించవచ్చు.

అయితే దారులు మూసుకుపోలేదు. 2022 నుంచి రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ ఆరు నుంచి పది శాతమైంది. వయోపరిమితిలో మనకు అయిదేళ్ల సడలింపు ఉంది, 32 ఏళ్లకు డిగ్రీ చేతికొచ్చినా గ్రూప్స్, గురుకులాలు, పంచాయతీ కార్యదర్శి వంటివాటికి సమయం మిగిలే ఉంటుంది. వాటిలో ఏదీ ఖాయం కాదు. నాతో బి.ఏ. చేసిన అయిదుగురిలో ఇద్దరికే ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. మిగతా ముగ్గురిలో ఒకామె ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రజావాణిలో ఊరి అర్జీలన్నీ తానే రాస్తుంది. మొన్న ఒక అర్జీ నేను చదివాను, తహసీల్దారు కూడా అంత సూటిగా రాయలేడు. ఇంకొకామె ఇంట్లోనే ఉంది, తన డిగ్రీ పట్టాను ప్లాస్టిక్ కవరులో విత్తనాల పెట్టెలో దాచింది. చదివినందుకు బాధపడుతున్నావా అని అడిగితే నవ్వి, నా కూతురి లెక్కల పుస్తకం తీసుకుని కూర్చుంది.

ఈ వారం మీరు చేయాల్సింది ఇంతే. ట్రంకు పెట్టె తెరిచి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, పాత హాల్ టికెట్ తీయండి. మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, తేదీ, తండ్రి పేరు నాలుగూ సరిచూడండి. ఏది కలవలేదో, పాత డిగ్రీలో ఎన్ని పేపర్లు మిగిలాయో రాస్తే, అప్పుడు మిగతాది చెబుతాను. గోడకు క్యాలెండర్ లేకపోతే ఒకటి తెచ్చిపెట్టుకోండి, అంకెలు పెద్దగా ఉన్నది.